ఆ కన్నీళ్ల ఫ్రేమ్ పోస్టర్ మీద ఉండాలా?

ఈసారి ఉత్తరం రాసిన అమ్మాయి మీడియా కోర్సు చివరి సంవత్సరంలో ఉంది. పేరు రాయొద్దంది, రాయడం లేదు. ఫైనల్ ప్రాజెక్టుగా ఒక పాటకు మ్యూజిక్ వీడియో తీయాలి, దాంతోపాటు ఆ పాట సీడీకి కవరు, ఒక ఏ3 పోస్టరు తయారుచెయ్యాలి, మూడూ పక్కపక్కన పెడితే ఒకే ఇంటివాళ్లలా కనబడాలి. పాట ఓ చిన్న బ్యాండ్‌ది, నాలుగు నిమిషాలుంటుంది. అడిగితే కోర్సు పనికి వాడుకోమన్నారు. తెరమీద పాడింది, అంటే పాటకి పెదాలు కలిపి లిప్ సింక్ ఇచ్చింది, ఈ అమ్మాయి చిన్నప్పటి స్నేహితురాలు.

మూడు రోజులు షూటింగ్ చేశారు. మూడో రోజు సాయంత్రం మెట్ల దగ్గర చివరి చరణం తీస్తున్నారు. ఆ చరణం ఇక తిరిగి రాని మనిషి గురించి. స్నేహితురాలి నాన్నగారు చనిపోయి ఇంకా ఏడాది కాలేదు. "ఆ సంగతి నాకు తెలుసక్కా, కానీ వెలుతురు పోతోందన్న కంగారులో నాకు తట్టలేదు" అని రాసింది. నాలుగో టేక్‌లో పాడుతూ పాడుతూ ఆ అమ్మాయి నిజంగానే ఏడ్చేసింది. కెమెరా ఆగలేదు. తర్వాత ఇద్దరూ మెట్లమీద కూర్చున్నారు, పట్టుకుని ఏడ్చారు, ఇంటికెళ్లారు. అంతవరకూ ఏమీ చెడలేదు.

చెడింది పది రోజుల తర్వాత. ఎడిటింగ్‌లో ఆ షాట్ అన్నిటికంటే బాగుంది. అందులోంచి ఒక ఫ్రేమ్ తీసి, కన్నీళ్లతో ఉన్న ముఖాన్ని పోస్టరంతా నింపి, కింద పాట పేరు పెట్టి క్లాసు గ్రూపులో పెట్టింది. సీడీ కవరు మీదా అదే ముఖం. లెక్చరర్ "ఇప్పటిదాకా నువ్వు చేసినవాటిలో ఇదే బెస్ట్" అన్నారు. స్నేహితురాలు కూడా ఆ పోస్టరును మొదటిసారి ఆ గ్రూపులోనే చూసింది. రెండు రోజులు పలకలేదు. తర్వాత ఒకే ఒక్క మెసేజ్: "నా ముఖం ఎక్కడా వద్దు." ఇవ్వడానికి ఇంకా 19 రోజులుంది. వీడియోలో మొత్తం 96 షాట్లుంటే 41 షాట్లలో ఆ ముఖముంది. టీమ్‌లో ఇంకో అబ్బాయి "తను ఫారం మీద సంతకం పెట్టింది కదా, మనకేం భయం" అంటున్నాడు. "నేను తప్పు చేశానా? అంతా మళ్లీ తీయాలా? తనకి నచ్చజెప్పాలా? నిద్ర పట్టడం లేదు" అని ఉత్తరం ముగించింది.

చెల్లీ, ముందు ఆ సంతకం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మిగతా ఆలోచనకి అదే అడ్డం పడుతోంది. ఆ ఫారం ఏం చెబుతుంది? నువ్వు తన బొమ్మ వాడుకోవచ్చని చెబుతుంది. వాడి తీరాలని చెప్పదు. రేపు ఎవరైనా నిన్ను నిలదీస్తే చూపించుకోవడానికి పనికొస్తుంది గానీ, తనని నువ్వు నిలదీయడానికి కాదు. అయినా ఆ సంతకం షూటింగ్ మొదలయ్యే రోజు పెట్టింది కదా, అప్పటికి తన మనసులో ఉన్నది పాడుతూ నడిచే ఒక పాత్ర. మూడో రోజు సాయంత్రం ఏం జరగబోతోందో అప్పుడు తనకీ తెలియదు, నీకూ తెలియదు. మీ టీమ్ అబ్బాయి చెడ్డవాడని నేననుకోను, టెన్షన్‌లో ఉన్నాడు, చేతికి దొరికిన కాగితాన్ని పట్టుకున్నాడు. కానీ ఆ ఫారం మాట మీ ముగ్గురి మధ్య మాత్రం ఎత్తకండి, ఒకసారి ఎత్తితే వెనక్కి తీసుకోలేరు.

ఇక నువ్వు తప్పు చేశావా అన్నది. కెమెరా ఆపకపోవడం తప్పని నేను అనను. ఆ క్షణంలో ఎవరికీ ఏం చెయ్యాలో తోచదు, కెమెరా వెనకున్నవాళ్లు ఊపిరి బిగబట్టి నిలబడిపోతారు, నేనూ అలా నిలబడినదాన్నే. ఆ తర్వాత నువ్వు తన పక్కన కూర్చున్నావు కదా, అది తను మర్చిపోయి ఉండదు. పొరపాటు జరిగింది ఎడిటింగ్‌లో. నువ్వు ఆ షాట్‌ని ఎన్నిసార్లు చూసి ఉంటావు, రెండు వందలసార్లు? ముందుకీ వెనక్కీ జరుపుతూ, బీట్ మీద కట్ పడిందో లేదో చూసుకుంటూ, రంగు సరిచేస్తూ అన్నిసార్లు చూశాక అందులో మనిషి కనబడటం మానేస్తుంది, షాట్ మాత్రమే కనబడుతుంది. కన్నీటి చుక్క అంటే వెలుగు ఎక్కడ పడిందన్న లెక్కే మిగులుతుంది. ఎడిటింగ్ చేసే ప్రతివాళ్లకీ ఇది జరుగుతుంది, నీకు మనసు లేకపోబట్టి జరిగింది కాదు. అయితే తను మాత్రం ఆ ముఖాన్ని ఒక్కసారే చూసింది, అదీ నలుగురి మధ్యలో, పోస్టర్ సైజులో, కింద పాట పేరుతో, దాని కింద నలుగురు పెట్టిన పొగడ్తలతో.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు తోచిందేమిటంటే, షాట్‌ని, పోస్టర్‌ని నువ్వు ఒకటే అనుకుంటున్నావు. ఆ షాట్ ఆరు సెకన్లుందని రాశావు. సెకనుకి 25 ఫ్రేమ్‌ల లెక్కన 150 ఫ్రేమ్‌లు. ఆ 150లో తను పాడటానికి ప్రయత్నిస్తుంది, గొంతు పట్టేస్తుంది, ముఖం తిప్పుకుంటుంది, అరచేత్తో తుడుచుకుంటుంది, మళ్లీ పదం అందుకుంటుంది. అంటే వీడియోలో తను ఏడవడమే కాదు, తట్టుకుని నిలబడటం కూడా ఉంది. దాని ముందు మూడున్నర నిమిషాల పాట ఉంది, దాని తర్వాత ఇంకో షాట్ ఉంది. పోస్టర్ మీదికి వచ్చేసరికి అవన్నీ పోయి ఆ 150లో ఒక్కటి మిగిలింది, అదీ తను అన్నిటికంటే నిస్సహాయంగా ఉన్న ఫ్రేమ్. అది ఇక కదలదు. తుడుచుకోనివ్వదు. పాటలో ఏడ్వడానికి తను ఒప్పుకుని ఉండొచ్చు, గోడమీద ఏడుస్తూ ఉండిపోవడానికి ఒప్పుకోలేదు. అందుకే, 41 షాట్లు పోయాయని నువ్వు బెంబేలెత్తకముందు, నిజంగా తనని గాయపరిచింది ఆ ఒక్క బొమ్మేమో చూడాలి అంటాను. అలాగని "ఎక్కడా వద్దు" అన్నమాటకి నువ్వే అర్థం తీసి "పోస్టర్ గురించే అంది" అని తేల్చుకోకు. తను నోరు తెరిచి చెప్పేదాకా ఎక్కడా అంటే ఎక్కడా అనే లెక్క.

ఇంకో మాట, ఇది పూర్తిగా పనికి సంబంధించింది. స్నేహం సంగతి పక్కన పెట్టినా ఆ ఫ్రేమ్ పోస్టర్‌కి సరిపడే బొమ్మ కాదు. నీ వీడియో 1920 బై 1080 పిక్సెళ్లు. సీడీ కవరు పన్నెండు సెంటీమీటర్ల చదరం, 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ కావాలంటే 1417 పిక్సెళ్లు ఉండాలి, అంచు కత్తిరింపు కోసం చుట్టూ 3 మిల్లీమీటర్లు వదిలితే 1488. నీ ఫ్రేమ్‌లోంచి చదరంగా కోస్తే వచ్చేది 1080. అంటే కవరుకే సాగదీశావు. ఏ3 పోస్టర్‌కైతే 3508 బై 4961 కావాలి, నిలువుగా కోసిన నీ ముక్కని నాలుగున్నర రెట్లకు పైగా సాగదీయాల్సి వచ్చి ఉంటుంది. పైగా వీడియోకి షటర్ మామూలుగా సెకనులో యాభయ్యో వంతు దగ్గర పెడతాం, దాంతో కదలిక కొంచెం మసకగా పడుతుంది, కదిలేటప్పుడు ఆ మసకే కంటికి హాయిగా ఉంటుంది, ఆపి చూస్తే మాత్రం రెప్పల అంచులు అలుక్కుపోయి ఉంటాయి. ఫోన్‌లో చూసినవాళ్లకి ఇవేవీ తెలియవు, మీ లెక్చరర్ చూసింది కూడా ఫోన్‌లోనే అనుకుంటా. ప్రింట్ తీసి గోడకి పెడితే తెలుస్తుంది. సినిమా సెట్‌లో కెమెరామన్ ఉన్నా స్టిల్ ఫోటోగ్రాఫర్‌ని వేరే పెట్టుకునేది ఊరికే కాదు. అందుకని, తను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా పోస్టర్ పని నువ్వు మళ్లీ చెయ్యాల్సిందే, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు నీ ముందున్న దారులు చూద్దాం. ఏది పట్టుకోవాలన్నది నీ ఇష్టం, ఏ దారిలో ఏముందో మాత్రం చెబుతాను.

మొదటిది, ఉన్నది ఉన్నట్టు ఇచ్చేయడం. ఇలా రాయడానికి నాకు కష్టంగానే ఉంది, కానీ అది నీ మనసులో ఉందని ఉత్తరంలో తెలుస్తోంది కాబట్టి దాటవేయను. మార్కులు రావచ్చు. లెక్చరర్‌కి నచ్చింది కూడా. కానీ ఒకసారి బయటికి వెళ్లిన పోస్టర్ ఎవరి ఫోన్‌లోకి వెళ్తుందో నీ చేతిలో ఉండదు, రేపు తన బంధువులెవరో చూసి వాళ్లమ్మగారికి పంపితే ఆ ఇంట్లో ఆ పూట ఎలా ఉంటుందో ఊహించుకో. చిన్నప్పటి స్నేహం పోవచ్చు, పోకపోయినా మీరిద్దరూ కలిసినప్పుడల్లా ఆ పోస్టర్ మధ్యలో నిలబడుతుంది. నేనైతే ఈ దారి పట్టను.

రెండోది, పోస్టరూ కవరూ మార్చేసి వీడియోని తన ఒప్పుదలతో ఉంచుకోవడం. అన్నిటికంటే తక్కువ పని ఇదే, కానీ ఇది నీ చేతిలో లేదు, తన చేతిలో ఉంది. తను సరే అనొచ్చు, చివరి చరణం ఒక్కటీ వద్దనొచ్చు, అసలు మాట్లాడకపోవచ్చు. దీనిమీదే ఆశపెట్టుకుని పన్నెండు రోజులు ఎదురుచూసి, పదమూడో రోజు "వద్దు" అనిపించుకుంటే అప్పుడు నీకే దారీ మిగలదు, ఆ కంగారులో తనమీద కోపం వస్తుంది, అది ఇంకా ఘోరం. కాబట్టి ఈ దారిలో వెళ్లినా పక్కన ఇంకోటి సిద్ధం చేసుకుంటూ వెళ్లాలి.

మూడోది, వేరే అమ్మాయితో ఆ 41 షాట్లు మళ్లీ తీయడం. వినగానే గుండె జారుతుంది గానీ అనుకున్నంత కష్టం కాదిది. మొదటిసారి మీకు ఏ షాట్ పనికొస్తుందో తెలియక మూడు రోజులు తీశారు, ఇప్పుడు టైమ్‌లైన్ నీ ముందుంది, ఏ షాట్ ఎన్ని సెకన్లు, ఏ కోణం, ఏ పదం మీద మొదలై ఏ పదం మీద ఆగుతుందో అన్నీ తెలుసు. ఆ 41 షాట్లకీ స్క్రీన్‌షాట్లు తీసి, చోటును బట్టి విడగొట్టుకో, మెట్ల దగ్గరివి అన్నీ ఒకచోట, గదిలోవి ఒకచోట. రెండు రోజుల్లో అయిపోతుంది. పాటకి పాత ఫైలే వాడు, ఫ్రేమ్ రేటు పాతదే పెట్టు, ప్రతి టేక్ ముందు పాటకి రెండు బీప్‌లు తగిలించి పెట్టుకుంటే పెదాలు కలపడం ఎడిటింగ్‌లో నిమిషంలో పని. స్లో మోషన్ షాట్లుంటే 50 ఫ్రేమ్‌లలో తీస్తూ పాటని రెట్టింపు వేగంతో వినిపించి పాడించు, తర్వాత 25లో పెడితే పెదాలు సరిగ్గా కలుస్తాయి. ఇందులో పోయేది ఒకటే, ఆ నాలుగో టేక్. అలాంటిది మళ్లీ రాదు. కొత్త అమ్మాయిని అలా ఏడిపించాలని కూడా చూడకు, చివరి చరణాన్ని ఇంకోలా ఆలోచించు.

ముఖం లేకుండా చెయ్యడం ఇంకో దారి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, బహుశా ఎడిటింగ్ బల్ల దగ్గర ఎక్కువ రాత్రులు గడపడం వల్ల కావచ్చు. నీ దగ్గర మిగిలిన 55 షాట్లలో ఏమేం ఉన్నాయో రాశావు: రెయిలింగ్ మీద చెయ్యి, వెనకనుంచి నడక, కిటికీ అద్దం మీద ఆవిరి, మెట్లమీద విప్పిన చెప్పులు. ఆ చెప్పుల షాట్ గురించి నువ్వు ఒక్క వాక్యం రాసి వదిలేశావు, నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. తిరిగి రాని మనిషి గురించిన పాటకి మెట్లమీద ఒక జత చెప్పులకంటే ఏం కావాలి? ముఖం లేకపోతే పాట ఎవరు పాడుతున్నారన్నది చూసేవాళ్లకి తెలియదు, అది నష్టమే, లిప్ సింక్ లేని నాలుగు నిమిషాలు పట్టి ఉంచాలంటే కట్స్‌లో ఊపుండాలి, కథ కొంచెం గట్టిపడాలి. బదులుగా చూసేవాళ్లు తమ మనిషిని ఆ ఖాళీలో పెట్టుకుంటారు. అయితే చేతులూ నడకా కూడా తనవే కదా, అవి ఉంచాలన్నా తనని అడగాల్సిందే.

కావాలంటే చివరి చరణాన్ని మాత్రం బొమ్మలుగా గీయొచ్చు, ఫ్రేమ్ మీద ఫ్రేమ్ పెట్టి గీసే రోటోస్కోపింగ్ కొత్తదేం కాదు, మాక్స్ ఫ్లైషర్ అనే అమెరికన్ యానిమేటర్ దానికి 1915లోనే పేటెంట్ కోసం దరఖాస్తు చేశాడు. ఇరవై సెకన్లంటే 500 ఫ్రేమ్‌లు, రెండేసి ఫ్రేమ్‌లకి ఒక బొమ్మ చొప్పున గీస్తే 250, బొమ్మకి అయిదు నిమిషాలు పట్టినా మొత్తం ఇరవై ఒక్క గంటలు. ముగ్గురు పంచుకుంటే అవుతుంది. కానీ గీసినా ఆ ఏడుపు తనదే, పోలిక కనబడుతుంది. గీశాను కాబట్టి అడగక్కర్లేదు అనుకోవద్దు.

పోస్టర్, కవరు విషయంలో కూడా ముఖం లేకపోతే ఎలా అని భయపడుతున్నావు. రికార్డులు ఒకప్పుడు ఉత్త ముతక కాగితపు సంచుల్లో వచ్చేవి, కొలంబియా రికార్డ్స్‌లో అలెక్స్ స్టైన్‌వైస్ అనే కుర్రాడు వచ్చాక బొమ్మల కవర్లు మొదలయ్యాయి, ఆయన తొలి కవరు మీద ముఖాలు లేవు, థియేటర్ ముందు దీపాలతో వెలిగే బోర్డు మీద ఆల్బమ్ పేరు కనబడుతుంది. 1973లో వచ్చిన పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్‌కి నల్లటి అట్ట మీద ఒక పట్టకం, దాంట్లోంచి విడిపోయే వెలుగు, అంతే, ముందువైపు బ్యాండ్ పేరు కూడా లేదు. నీకున్న చెప్పులు, మెట్లు, ఆ సాయంత్రపు నీలం చాలు. వీడియోలో ఆ నీలం ఏదో అదే కవరు మీద, అదే పోస్టర్ మీద, పాట పేరు అక్షరాలు మూడుచోట్లా ఒకటే, అప్పుడు ఒకే ఇంటివాళ్లలా కనబడతాయి. తెరమీది ఆ నీలం ప్రింట్‌లో కొంచెం చప్పబడుతుంది, ప్రింట్‌లో వాడే నాలుగు సిరాల రంగుల్లోకి, అంటే సీఎమ్‌వైకేలోకి మార్చి ఒక చిన్న ముక్క ముందుగా ప్రింట్ తీసి చూసుకో. కవరుని గోరంత చేసి ఫోన్‌లో కూడా చూడు, పేరు చదవగలిగితే సరే.

లెక్చరర్‌కి ఇప్పుడే చెప్పు, చివరి రోజు కాదు. "నటించిన అమ్మాయి తప్పుకోవాలనుకుంటోంది, డిజైన్ మారుస్తున్నాను" అంటే చాలు, వాళ్ల నాన్నగారి సంగతి నీది కాదు, చెప్పకు. గడువు ఇంకో వారం అడిగి చూడు, ఇస్తే ఇస్తారు. మొదటి పోస్టర్ ఎందుకు వదిలేశావో నీ ప్రాజెక్టు డైరీలో రాయి, ఆ పోస్టర్ బొమ్మ మాత్రం అందులో అంటించకు. బ్యాండ్ వాళ్లు ఒప్పుకున్నది కోర్సు పనికి కదా, రేపు వీడియో నెట్‌లో పెట్టాలనుకుంటే మళ్లీ అడగాలి. పాట రాసి కట్టినవాళ్ల హక్కు వేరు, ఆ రికార్డింగ్ హక్కు వేరు, రెండూ ఎవరి దగ్గరున్నాయో కనుక్కో.

ఇక తనతో మాట్లాడటం. నచ్చజెప్పాలా అని అడిగావు. వద్దు. ముందు, ఈ రాత్రికే, గ్రూపులోంచి పోస్టర్ తీసేయి, డ్రైవ్‌లోది తీసేయి, టీమ్ వాళ్ల దగ్గరున్న కాపీలు తీసేయమని అడుగు. రఫ్ కట్‌ని, అంటే ఇంకా పూర్తికాని ఎడిట్‌ని, యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టానన్నావు, లింక్ ఉన్న ఎవరైనా దాన్ని చూడొచ్చు, ప్రైవేట్ చెయ్యి లేదా తీసేయి. ఇవన్నీ అయ్యాకే మెసేజ్ పెట్టు. "పోస్టర్ నీకు చూపించకుండా పెట్టాను. నేనలా చెయ్యాల్సింది కాదు. అన్నిచోట్లా తీసేశాను. వీడియోలో కూడా నీ ముఖం ఉంచను. ఎప్పుడైనా మాట్లాడాలనిపిస్తే చెప్పు, ప్రాజెక్టు గురించే కానక్కర్లేదు." ఇంతే. దీంట్లో "కానీ" అన్నమాట ఎక్కడా రానివ్వకు, లెక్చరర్ మెచ్చుకున్న సంగతి రానివ్వకు, 19 రోజులన్న మాట అసలే వద్దు. జవాబు రాకపోతే ముఖం లేని దారిలో పని మొదలుపెట్టెయ్యి, మిగిలిన షాట్లలో తనవి కాని వాటితో ఎంతవరకూ వస్తుందో చూడు.

జవాబు వస్తే, ఎప్పుడో ఒకరోజు తను నీ పక్కన కూర్చునే స్థితికి వస్తే, లాప్‌టాప్ తన ముందు పెట్టు, మౌస్ కూడా తనకే ఇవ్వు. వీడియో మొదటినుంచి చూడనివ్వు, ఎక్కడ ఆపినా ఎందుకు ఆపావని అడగకు. ఏది తీసేయమంటే అది అక్కడే తీసేయి. ఒకవేళ తనే పోస్టర్ మీద ఉంటానంటే ఆ రోజు స్టిల్ కెమెరా తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్లండి, ఓ యాభై ఫోటోలు తియ్యి, అందులోంచి ఒకటి ఏరే పని తనకి వదిలిపెట్టు.